రియాక్టర్ టెంపరేచర్ సెట్ పాయింట్ దాటిపోతే అది ట్యూనింగ్ సమస్యా, సాఫ్ట్‌వేర్ లోపమా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. బల్క్ డ్రగ్ ప్లాంటులో 5 కిలోలీటర్ల గ్లాస్ లైన్డ్ రియాక్టర్. జాకెట్‌కి (రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగుకి) వెళ్లే హాట్ వాటర్ కంట్రోల్ వాల్వ్‌ని పీఎల్‌సీలో, అంటే ప్లాంటుని నడిపే పారిశ్రామిక కంప్యూటర్‌లో, రాసిన పీఐడీ లూప్ నడుపుతుంది. కావాల్సిన టెంపరేచర్‌కీ అసలు టెంపరేచర్‌కీ తేడా చూసి వాల్వ్‌ని ఎంత తెరవాలో లెక్కవేసేది ఆ లూపే. సెట్ పాయింట్, అంటే నిలపాల్సిన టెంపరేచర్, 60 డిగ్రీలు. హాట్ వాటర్ పంపు ట్రిప్ అయి 40 నిమిషాలు ఆగింది, లూప్ మాత్రం ఆటోలోనే ఉండిపోయింది. 42కి పడిపోయిన బ్యాచ్, పంపు మళ్లీ తిరిగాక 78 దాకా వెళ్లి నెమ్మదిగా దిగింది. వెండర్ "గెయిన్ సగం చేస్తే పోతుంది" అన్నాడు. గెయిన్ అంటే తేడాకి లూప్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె, ఇలాంటి అంకెలు మార్చడమే ట్యూనింగ్. ప్రొడక్షన్ వాళ్లు ఆపరేటర్ తప్పని రాసి ఫైలు మూసేశారు. 90 దాటితే హాట్ వాటర్ మూసి చిల్డ్ వాటర్ తెరిచే ఇంటర్‌లాక్ (తనంతట తానే పనిచేసే రక్షణ లాజిక్) ఉంది కాబట్టి భయం లేదని మీ మేనేజర్ అంటున్నారు. ఇది సాఫ్ట్‌వేర్ లోపమా, దీన్ని సేఫ్టీ విషయంగా చూడాలా అని మీరు అడిగారు.

రెండింటికీ అవుననే నా జవాబు. ఆపరేటర్ తప్పు ఇందులో నాకు కనబడలేదు. 78 డిగ్రీల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ 90 డిగ్రీల ఇంటర్‌లాక్. అది ఎందుకో తర్వాత చెబుతాను.

పీఐడీ లెక్కలో ప్రపోర్షనల్ భాగం ఇప్పుడున్న తేడాని చూస్తుంది, ఇంటిగ్రల్ భాగం గడిచిన తేడాలన్నిటినీ కూడబెడుతుంది. మీరు పెట్టిన కోడ్‌లో ఇంటిగ్రల్ అనే వేరియబుల్ ప్రతి స్కాన్‌లోనూ (ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ) పెరుగుతూ పోతుంది. దానికి హద్దు లేదు. చివరి లైనులో మాత్రం అవుట్‌పుట్‌ని 0కీ 100కీ మధ్య కత్తిరించారు. అంటే వాల్వ్‌కి 100 దాటి వెళ్లదు గానీ, లోపల లెక్క ఎంతదాకా అయినా పోతుంది. దీన్నే ఇంటిగ్రల్ వైండప్ అంటారు. మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం: గెయిన్ 2, ఇంటిగ్రల్ టైమ్ 10 నిమిషాలు, రేంజ్ 0 నుంచి 150 డిగ్రీలు. సెట్ పాయింట్‌కీ అసలు టెంపరేచర్‌కీ 18 డిగ్రీల తేడా అంటే రేంజ్‌లో 12 శాతం. తేలిక కోసం ఆ తేడా మొదటినుంచీ ఉందనుకుందాం. ఆ 12ని గెయిన్ 2తో హెచ్చించి, ఇంటిగ్రల్ టైమ్ 10తో భాగిస్తే 2.4. నిమిషానికి 2.4 చొప్పున 40 నిమిషాల్లో ఇంటిగ్రల్ 96 పెరుగుతుంది. పంపు ఆగే ముందు 40 దగ్గర ఉందనుకుంటే ఇప్పుడు 136. పంపు నడిచి, టెంపరేచర్ 60 దాటి 70కి చేరినా ప్రపోర్షనల్ భాగం తగ్గించేది 13 మాత్రమే. లెక్క ఇంకా 123 దగ్గరే ఉంటుంది, వాల్వ్ పూర్తిగా తెరిచే ఉంటుంది. ఇంటిగ్రల్ నిమిషానికి 1.3 చొప్పున దిగి లెక్క 100 కిందకి రావడానికి మరో 17 నిమిషాలు కావాలి. సెట్ పాయింట్‌కి 10 డిగ్రీలు పైన ఉండి కూడా అంతసేపూ జాకెట్‌లోకి వేడినీళ్లు నిండుగా వెళ్తూనే ఉంటాయి. మీ 78 వచ్చింది ఇక్కడినుంచే.

ఇప్పుడు వెండర్ సలహా చూడండి. గెయిన్ 1 చేస్తే అదే 40 నిమిషాల్లో ఇంటిగ్రల్ 48 పెరిగి 88 దగ్గర ఆగుతుంది. టెస్టులో అంతా బాగున్నట్టే కనబడుతుంది, మీరు సంతకం పెట్టేస్తారు. ఏదో ఒక రాత్రి పంపు గంటన్నర ఆగుతుంది. అప్పుడు ఇంటిగ్రల్ 148కి చేరుతుంది. గెయిన్ తగ్గించారు కాబట్టి దిగడం కూడా సగం వేగంతోనే. 10 డిగ్రీలు పైన ఉన్నప్పుడు వాల్వ్ కదలడం మొదలుపెట్టడానికే గంట దాటుతుంది. లోపం అలాగే ఉంటుంది, కాకపోతే అది బయటపడే రోజు వెనక్కి పోతుంది, బయటపడినప్పుడు ఇంకా పెద్దదిగా ఉంటుంది. ట్యూనింగ్‌తో సాఫ్ట్‌వేర్ లోపాన్ని కప్పిపెట్టే ఈ అలవాటు మన ప్లాంట్లలో చాలా ఎక్కువ. దాన్ని ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

సరైన మరమ్మతు రెండు భాగాలు. అవుట్‌పుట్ హద్దుకి చేరినప్పుడు ఇంటిగ్రల్ అదే దిశలో పెరగడం ఆగాలి. రెండోది చాలామంది మరిచిపోతారు: పంపు నడవడం లేదన్న సంగతి లూప్‌కి తెలియాలి. పంపు రన్నింగ్ ఫీడ్‌బ్యాక్ పోగానే పీఐడీ హోల్డ్‌లోకి (లెక్క ఆపి ఉంచే స్థితిలోకి) వెళ్లాలి, వాల్వ్ ముందే నిర్ణయించిన స్థితికి రావాలి, ఆపరేటర్‌కి అలారం రావాలి. పీఎల్‌సీ కంపెనీలు ఇచ్చే రెడీమేడ్ పీఐడీ బ్లాకుల్లో మొదటిది సాధారణంగా ఉంటుంది. అయినా బ్లాక్ తర్వాత ఎవరైనా స్కేలింగో, మినిమమ్ సెలెక్టరో, ఇంటర్‌లాక్ లాజిక్కో పెట్టి, ఆ సంగతి బ్లాక్‌కి తిరిగి చెప్పకపోతే అదే వైండప్ మళ్లీ వస్తుంది. బ్లాక్ తన అవుట్‌పుట్ 70 అనుకుంటూ ఉంటుంది, వాల్వ్ మాత్రం సున్నా దగ్గర కట్టేసి ఉంటుంది.

ఇక మీ మేనేజర్ ధీమాగా చెబుతున్న 90 డిగ్రీల ఇంటర్‌లాక్. అది అదే పీఎల్‌సీలో, అదే ప్రోగ్రామ్‌లో, అదే పీటీ 100 (రెసిస్టెన్స్ మార్పుని బట్టి టెంపరేచర్ కొలిచే ఆర్టీడీ సెన్సర్) నుంచి వచ్చే అదే వేరియబుల్‌ని చూస్తోంది. పీటీ 100 రెసిస్టెన్స్ 0 డిగ్రీల దగ్గర 100 ఓంలు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓంలు. సెన్సర్ హెడ్‌లోకి (వైర్లు కలిపే డబ్బాలోకి) తేమ చేరి ఇన్సులేషన్ దెబ్బతింటే రెసిస్టెన్స్ తగ్గినట్టు కనబడుతుంది, అంటే అసలు కంటే తక్కువ టెంపరేచర్ చూపిస్తుంది. పరవాడలోనో, జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో వానాకాలంలో ఆర్టీడీ హెడ్ మూత తెరిచి చూసిన వాళ్లకు అందులో నీళ్లు కనబడటం కొత్తేమీ కాదు. లోపల 85 ఉంటే పీఎల్‌సీ ఇన్‌పుట్ కార్డు 58 చదివిందనుకోండి. లూప్ ఇంకా వేడి కావాలనుకుని వాల్వ్ తెరుస్తుంది. ఇంటర్‌లాక్ కూడా అదే 58ని చూసి ఊరుకుంటుంది. స్క్రీన్ మీద ట్రెండ్ సెట్ పాయింట్ చుట్టూ అందంగా ఉంటుంది. ప్రమాదానికి కారణమైన కొలతే రక్షణను కూడా నిద్రపుచ్చుతుంది. అలాంటప్పుడు మీకు ఇంటర్‌లాక్ ఉన్నట్టు కాగితం మీద మాత్రమే లెక్క.

కంట్రోల్ లూప్‌లో సాఫ్ట్‌వేర్ లోపం అంటే పీఎల్‌సీ హ్యాంగ్ కావడం, ఎర్ర లైటు వెలగడం అని చాలామంది అనుకుంటారు. అలా ఆగిపోయేవి నిజానికి తేలిక రకం, వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఆగిపోతే కనిపెట్టే టైమర్) పట్టుకుంటుంది. కష్టమైనవి మీ దానిలాంటివి. ప్రోగ్రామ్ రాసింది రాసినట్టే నడుస్తుంది, ఏ డయాగ్నొస్టిక్‌లోనూ తప్పు కనబడదు. అలాంటివి మరికొన్ని చెబుతాను, మీ కోడ్‌లో వెతకండి.

అన్నిటికంటే ముందు నాన్ అనే విలువ. లెక్కకు అర్థం లేనప్పుడు, అంటే సున్నాను సున్నాతో భాగించినా, మైనస్ సంఖ్యకు వర్గమూలం తీసినా, ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలో వచ్చే "ఇది సంఖ్య కాదు" అన్న గుర్తు అది. ఫ్లో మీటర్ల దగ్గర ఇది సులభంగా పుడుతుంది. పీడనాల తేడాని కొలిచే డీపీ ట్రాన్స్‌మిటర్ జీరో కాస్త కిందకి జారితే ఫ్లో లేనప్పుడు మైనస్ విలువ వస్తుంది, ఫ్లో లెక్క కోసం దానికి స్క్వేర్ రూట్ తీస్తారు. కొన్ని పీఎల్‌సీలు అక్కడే ఫాల్ట్ చూపిస్తాయి, మరికొన్ని నాన్ ఇచ్చి ముందుకు పోతాయి. అది ఒక్కసారి ఇంటిగ్రల్‌లోకి దూరిందంటే, దానికి ఏం కలిపినా నాన్‌గానే ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ బాగుపడినా లూప్ బాగుపడదు. ఇంతకంటే ప్రమాదకరమైన సంగతి ఇంకొకటి ఉంది. ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం నాన్‌ని ఏ సంఖ్యతో పెద్దదా, చిన్నదా అని పోల్చినా జవాబు "కాదు" అనే వస్తుంది. "టెంపరేచర్ 90 కంటే ఎక్కువైతే ట్రిప్" అని రాస్తే ఆ ట్రిప్ ఎప్పటికీ రాదు. లో అలారం కూడా రాదు. అందుకే ట్రిప్ లాజిక్‌ని తిప్పి రాయమని అడుగుతాను: "టెంపరేచర్ 90 కంటే తక్కువ అని రుజువైతేనే నడవనివ్వు, లేకపోతే ట్రిప్." అప్పుడు నాన్ వచ్చినా ట్రిప్ అవుతుంది. అనవసరంగా ఒక ట్రిప్ వస్తే ప్రొడక్షన్ వాళ్లు కోప్పడతారు, పడనివ్వండి.

ఫాల్ట్ సిగ్నల్‌ని కప్పేసే స్కేలింగ్ కూడా ఇదే కోవకు చెందుతుంది. 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల ట్రాన్స్‌మిటర్ తనలో లోపం ఉందని చెప్పడానికి 3.6 కంటే కిందకో, 21 కంటే పైకో పోతుంది. నామూర్ అనే ప్రాసెస్ పరిశ్రమల సంఘం ఇచ్చిన ఎన్ఈ 43 సిఫారసు అది. ప్రోగ్రామర్ "4 కంటే తక్కువైతే 4 అనుకో" అని ఒక లైను రాస్తే ఆ కబురు అక్కడే చచ్చిపోతుంది. వైరు తెగిన లెవెల్ ట్రాన్స్‌మిటర్ ఖాళీ ట్యాంకులా కనబడుతుంది, ఫిల్లింగ్ వాల్వ్ తెరుచుకుంటుంది. చివరి మంచి విలువనే పట్టుకుని కూర్చునే లాజిక్ ఇంకో రకం. రెండు మూడు సెకన్ల పాటు అయితే సరే, గంటల తరబడి పట్టుకుంటే ట్రెండ్ గీత బల్లపరుపుగా ఉంటుంది, షిఫ్ట్ మొత్తం దాన్ని నమ్ముతుంది.

సాల్వెంట్ ఛార్జింగ్‌కి టోటలైజర్ (వెళ్లిన మొత్తాన్ని కూడుతూ పోయే లెక్క) వాడుతున్నారా? 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్‌లో స్కాన్‌కి 0.01 కిలో చొప్పున కలుపుతూ పోతే, మొత్తం 2,62,144 కిలోలకు చేరాక అది అక్కడే ఆగిపోతుంది. ఆ స్థాయిలో రెండు పక్కపక్క సంఖ్యల మధ్య దూరమే 0.031. అందులో సగానికి కూడా చేరని 0.01ని కలిపినా మొత్తం మారదు. అంతకు ముందే 1,31,072 దాటాక 0.01 బదులు 0.0156 కలుస్తూ లెక్క తప్పుతుంది. మొదటిరోజు నుంచీ రీసెట్ చేయని టోటలైజర్‌లో తేడా చూసి "500 కిలోలు అయ్యాక వాల్వ్ మూయి" అని రాసి ఉంటే, ఆగిపోయిన రోజున ఆ వాల్వ్ మూసుకోదు. రియాక్టర్ పొంగిపోతుంది. ఫ్యాక్టరీ టెస్టులో ఇది ఎన్నటికీ పట్టుబడదు, ఎందుకంటే అక్కడ మొత్తం సున్నా నుంచి మొదలవుతుంది.

స్కాన్ టైమ్ గురించి ఒక్క మాట. సెకనుకొకసారి నడిచే పీఐడీని 100 మిల్లీసెకన్ల టాస్క్‌లోకి మార్చి, లోపలి శాంపిల్ టైమ్‌ని అలాగే వదిలేస్తే ఇంటిగ్రల్ పదింతల వేగంతో పనిచేస్తుంది. మీ కోడ్‌లో ఆ 1.0 ఒక స్థిరాంకంగా కూర్చుని ఉంది, చూసుకోండి.

ఇవన్నీ చిన్న ప్లాంట్ల బాధలు అనుకోకండి. 1999 జూన్ 10న అమెరికాలోని బెల్లింగ్‌హామ్‌లో 16 అంగుళాల పెట్రోలు పైపులైను పగిలి సుమారు 9 లక్షల లీటర్లు వాగులోకి పోయి మండింది. ఇద్దరు పదేళ్ల పిల్లలు, ఒక 18 ఏళ్ల యువకుడు చనిపోయారు. పైపు మీద అయిదేళ్ల క్రితం తవ్వకాల్లో తగిలిన దెబ్బ ఉంది, ఒక రిలీఫ్ వాల్వ్ సెట్టింగ్ సరిగా లేదు. వీటికి తోడు, నడుస్తున్న స్కాడా (పైపులైనుని దూరంనుంచి గమనించి నడిపే వ్యవస్థ) కంప్యూటర్ మీదే డేటాబేస్ పని చేయడంతో అది సరిగ్గా ఒత్తిడి పెరుగుతున్న సమయానికి స్పందించడం మానేసింది. స్కాడా పనిచేసి ఉంటే కంట్రోలర్లు బహుశా ఆ ఒత్తిడిని ఆపగలిగి ఉండేవారని దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. నడుస్తున్న ప్లాంటులో కొత్త ప్రోగ్రామ్‌ని ఆన్‌లైన్ డౌన్‌లోడ్ చేద్దామని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ పిల్లలు గుర్తుకొస్తారు.

1994 జూలై 24న బ్రిటన్‌లో మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీ పేలుడులో ఒక వాల్వ్ నిజంగా మూసుకుని ఉంది, కంట్రోల్ సిస్టమ్ మాత్రం తెరిచి ఉన్నట్టు చూపించింది. వెస్సెల్‌లోకి ద్రవం వస్తోంది, బయటకు పోవడం లేదు. పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఆపరేటర్ల ముందు 275 అలారాలు వచ్చాయి. ఆ అలారాలన్నీ చదవడం మనిషివల్ల అయ్యే పనేనా? ప్రొడక్షన్ వాళ్లు ఆపరేటర్ తప్పని రాసినప్పుడు మీరు అడగాల్సింది ఇదే: ఆ 40 నిమిషాల్లో స్క్రీన్ అతనికి ఏం చూపించింది? ఇంటిగ్రల్ 136కి చేరిందని అతనికి తెలిసే దారే లేదు.

2008 ఆగస్టు 28న వెస్ట్ వర్జీనియాలోని ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్లో పురుగుమందుల యూనిట్‌లో కొత్త డీసీఎస్ (యూనిట్ మొత్తాన్ని నడిపే కంట్రోల్ సిస్టమ్) పెట్టి, పరికరాల పరీక్షలన్నీ పూర్తికాకుండానే స్టార్టప్ చేశారు. ఇంటర్‌లాక్‌ని బైపాస్ చేసి, ముందుగా సాల్వెంట్ నింపి వేడి చేయని వెస్సెల్‌లోకి మెథోమిల్ అనే పురుగుమందు ద్రావణాన్ని వదిలారు. అదుపు తప్పిన రియాక్షన్‌కి వెస్సెల్ పేలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. కాస్త దూరంలోనే మిథైల్ ఐసోసైనేట్ ట్యాంకు ఉంది. భోపాల్‌లో ప్రాణాలు తీసిన ఆ వాయువే.

మన దగ్గర 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకైనప్పుడు, ఆ ట్యాంకులో టెంపరేచర్ కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది, పైభాగం వేడెక్కుతున్న సంగతి ఎవరికీ తెలియలేదని విచారణ కమిటీ చెప్పింది. దాన్ని సాఫ్ట్‌వేర్ లోపం అనను. కానీ కొలవని చోట ఏం జరుగుతోందో ఏ ప్రోగ్రామ్‌కీ తెలియదు. మీ రియాక్టర్‌లో కూడా అజిటేటర్ (బ్యాచ్‌ని కలిపే యంత్రం) ఆగితే థర్మోవెల్ (సెన్సర్ ఉండే గొట్టం) దగ్గరి టెంపరేచర్‌తో మొత్తం బ్యాచ్‌ని అంచనా వేయలేరు. అజిటేటర్ ట్రిప్ అయితే డోసింగ్ (రసాయనాన్ని కొద్దికొద్దిగా వదలడం) ఆగేలా ఉందా అని చూడండి.

"అయితే రిడండెంట్ పీఎల్‌సీ పెడదాం" అని ఎవరో ఒకరు అంటారు. హాట్ స్టాండ్‌బైలో (ఒకటి పోతే ఇంకొకటి అందుకునే ఏర్పాటులో) రెండు సీపీయూలూ ఒకే ప్రోగ్రామ్‌ని, ఒకే ఇన్‌పుట్‌తో నడుపుతాయి. వైండప్ రెండింటిలోనూ ఒకేలా వస్తుంది. పక్కవాడి పేపరు చూసి రాసినవాడి జవాబుతో మన జవాబు సరిచూసుకున్నట్టు ఉంటుంది. కార్డు కాలిపోవడం లాంటి హార్డ్‌వేర్ లోపాలు ఎప్పుడో ఒకప్పుడు యాదృచ్ఛికంగా వస్తాయి, వాటికి రిడండెన్సీ పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ లోపం మొదటిరోజు నుంచీ అక్కడే ఉంటుంది, తగిన పరిస్థితి కుదిరిన ప్రతిసారీ బయటపడుతుంది.

ప్రాసెస్ ప్లాంట్ల సేఫ్టీ సిస్టమ్‌లకు సంబంధించిన ప్రమాణం ఐఈసీ 61511 కూడా ఈ కారణంగానే మామూలు కంట్రోల్ సిస్టమ్‌ని అంతగా నమ్మదు. దాన్నొక రక్షణ పొరగా లెక్కలోకి తీసుకున్నా, ప్రమాదాన్ని పదో వంతు కంటే కిందకి తగ్గిస్తుందని చెప్పుకోనివ్వదు. లూప్ లోపమే ప్రమాదానికి మొదలైతే, అదే సెన్సర్ మీదా అదే కంట్రోలర్ మీదా నడిచే ఇంటర్‌లాక్‌ని మళ్లీ రక్షణగా లెక్కించడం కుదరదు. మీ 90 డిగ్రీల ఇంటర్‌లాక్‌కి నా లెక్కలో వచ్చేది సున్నా.

బ్రిటన్ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ కంట్రోల్ సిస్టమ్‌లతో ముడిపడిన 34 ఘటనలను పరిశీలించినప్పుడు, సుమారు 44 శాతానికి అసలు కారణం స్పెసిఫికేషన్‌లోనే ఉందని తేలింది. కమిషనింగ్ తర్వాత చేసిన మార్పుల వాటా మరో 20 శాతం. కోడ్ రాయడానికి కూర్చోకముందే సగం తప్పు జరిగిపోతోందన్నమాట. మీ ప్లాంటు స్పెసిఫికేషన్ తీసి చూడండి. "టెంపరేచర్‌ని 60 దగ్గర నిలపాలి" అని ఉంటుంది. "పంపు ఆగితే ఏం చేయాలి, ఆర్టీడీ తెగితే ఏం చేయాలి, పవర్ పోయి వస్తే ఏ మోడ్‌లో మొదలవ్వాలి" అన్న లైన్లు ఉండవని నా అనుమానం. వెండర్ అడిగినదే రాశాడు. ఆ లైన్లు రాయాల్సింది ప్రాసెస్ తెలిసిన మీరు.

చేయాల్సిన పనుల్లో మొదటిది మీ ప్రాసెస్ సేఫ్టీ ల్యాబ్ నుంచి ఈ రియాక్షన్ క్యాలరీమెట్రీ, డీఎస్‌సీ డేటా (ఎంత వేడి పుడుతుందో కొలిచే పరీక్షల ఫలితాలు) తెప్పించడం. ఏ టెంపరేచర్ దగ్గర డీకంపోజిషన్ (పదార్థం విచ్ఛిన్నం కావడం) మొదలవుతుందో తెలియకుండా 90 అన్న అంకెకి అర్థం లేదు. అది 95 అయితే 90 దగ్గర కట్ చేయడం ఆలస్యమే. ఆ అంకె వచ్చాక విడి ట్రిప్ గురించి మాట్లాడండి. వేరే థర్మోవెల్‌లో వేరే పీటీ 100, పీఎల్‌సీతో సంబంధం లేని ట్రిప్ యాంప్లిఫయర్ (టెంపరేచర్ హద్దు దాటితే స్విచ్ మార్చే పరికరం), రిలే. అది కంట్రోల్ వాల్వ్‌ని కాకుండా, హాట్ వాటర్ లైనులో విడిగా పెట్టిన ఆన్-ఆఫ్ వాల్వ్‌ని మూయాలి, డోసింగ్ పంపుని ఆపాలి. గాలి పోయినా, కరెంటు పోయినా మూసుకునే రకం వాల్వ్ కావాలి. సిల్ (ఆ ట్రిప్ ఎంత నమ్మదగ్గదిగా ఉండాలో చెప్పే స్థాయి) ఎంత కావాలో హాజాప్ (ఏం తప్పు జరగొచ్చో వెతికే సమీక్ష), లోపా (రక్షణ పొరలు చాలుతాయో లేదో తేల్చే లెక్క) చేసి తేల్చండి. సిల్ 1 దగ్గర తేలితే ఇలాంటి సాదా హార్డ్‌వైర్డ్ ఏర్పాటే సరిపోవచ్చు, కోట్లు పెట్టి పెద్ద సేఫ్టీ సిస్టమ్ కొనమని నేను చెప్పను.

కోడ్ మార్చాక నీళ్ల బ్యాచ్‌తో టెస్ట్ చేయండి, సిమ్యులేషన్‌తో సరిపెట్టవద్దు. పంపుని నిజంగా గంటన్నర ఆపండి. ఆర్టీడీ వైరు ఊడదీయండి, తర్వాత షార్ట్ చేయండి. డికేడ్ బాక్స్‌తో (కావాల్సిన రెసిస్టెన్స్ పెట్టగలిగే పెట్టెతో) తప్పు రెసిస్టెన్స్ ఇచ్చి, విడి ట్రిప్ అప్పుడు కూడా పనిచేస్తుందో లేదో చూడండి. బ్యాచ్ మధ్యలో పీఎల్‌సీ పవర్ తీసి పెట్టండి. ఆటో నుంచి మాన్యువల్‌కీ, మళ్లీ ఆటోకీ తిప్పండి. ఇవన్నీ చేస్తున్నంతసేపూ ఇంటిగ్రల్ విలువని విడి ట్యాగ్‌గా ట్రెండ్‌లో పెట్టండి, ఇప్పుడు మీ ట్రెండ్‌లో అది లేదు. ఫోర్స్‌లో ఉన్న (చేత్తో బలవంతంగా విలువ పెట్టిన) సిగ్నళ్ల జాబితా, బైపాస్ రిజిస్టర్ రెండూ ఖాళీగా ఉన్నాయని చూశాకే బ్యాచ్‌కి అప్పగించండి.

విడి ట్రిప్ వచ్చేదాకా కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు వేడి పుట్టే డోసింగ్ స్టెప్ మొదలుపెట్టే ముందు హాట్ వాటర్ మాన్యువల్ ఐసోలేషన్ వాల్వ్‌ని మూయించండి. ఆ దశలో జాకెట్‌కి వేడి అవసరం లేదని ప్రాసెస్ వాళ్ల చేత రాతపూర్వకంగా తీసుకోండి. మూసినట్టు ఆపరేటర్, షిఫ్ట్ ఇన్‌చార్జి ఇద్దరి సంతకాలూ బ్యాచ్ రికార్డులో ఉండాలి. క్యాలరీమెట్రీ డేటా, కొత్త కోడ్, నీళ్ల బ్యాచ్ ట్రెండ్ వచ్చాక ఇక్కడే పెట్టండి, లైను లైనుగా చూసి చెబుతాను.